కడుపులో బొగ్గు

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో ఎవరి కడుపు ఎలా ఉందో అందరికీ తెలుసు. అందులో సిగ్గేమీ లేదు. నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడితే చాలు, ఒకరింట్లో గ్యాసు, ఒకరింట్లో మొలలు, ఇంకొకరికి బయటికి పోక పొట్ట రాయిలా గట్టిపడింది, అన్నీ వినిపిస్తాయి. షిఫ్టు మారినప్పుడల్లా తిండివేళలు మారిపోయే మనిషికి ఆకలి ఎప్పుడవుతుందో ఆ కడుపుకే తెలియదు. అందుకని మా దగ్గర ఏ నొప్పి వచ్చినా గ్యాసే. గుండెలో మంట గ్యాసు, నడుములో పోటు గ్యాసు, మొగుడు మూతి ముడుచుకుని కూచున్నా గ్యాసే. ఒకసారి పక్కింటామెతో, "మీ ఆయనకు గ్యాసు గాదక్కా, నీ మీద కోపం" అన్నాను. చాన్నాళ్లు ఆమె నాతో మాట్లాడలేదు. "నోరు మంచిగుంటె ఊరు మంచిగుంటది బిడ్డా" అని అప్పుడు మా అత్త నాకు బుద్ధి చెప్పింది. నాకు నోరెక్కువ అని అత్త పెళ్లయిన మొదటి వారంలోనే తేల్చేసింది, అందులో అబద్ధం లేదు.

ఇన్ని మాట్లాడుకునేవాళ్లం రంగు గురించి మాత్రం ఎన్నడూ మాట్లాడుకోలేదు. మా ఊళ్లో నలుపు ఒక సంగతి కాదు. బొగ్గుగనిని మేం బాయి అంటాం. బాయిలో దిగి వచ్చిన మనిషి ఉమ్మితే నలుపు, చీదితే నలుపు, చెవిలో వేలు పెట్టి తీస్తే నలుపు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు దిండు గలేబు మీద మరకలు చూసి నేను బెదిరిపోతే, మా ఆయన నవ్వి, "బొగ్గు తినెటోనికి బొగ్గే ఎల్తది" అన్నాడు. దొడ్డికి నల్లగా అయినా అదే మాట. బాయిలోకి పోయేవాళ్లు జేబులో బెల్లం ముక్క వేసుకుపోతారు. గొంతులో చేరిన దుమ్మును బెల్లం కిందికి దింపి బయటికి పంపిస్తుందని నమ్మకం. కాబట్టి నల్లగా పడిందంటే లోపల శుభ్రమవుతోందని సంతోషించాలి. దీన్ని కాదన్నవాళ్లను మా వరుసలో నేను చూడలేదు.

మా మామ కూడా బాయి మనిషే. నేను ఆయనను చూడలేదు. ఆయన పోయేనాటికి మా ఆయనకు మూతి మీద మీసమైనా సరిగా రాలేదట. తర్వాత వయసు నిండాక తండ్రి ఉద్యోగమే కొడుకుకు ఇచ్చారు. మామ ఎలా పోయాడో మా అత్త చెప్పగా నేను చాలాసార్లు విన్నాను. పప్పు ఏరుతూ చెప్పేది, వడియాలు పెడుతూ చెప్పేది, ఎప్పుడు చెప్పినా మొదటిసారి చెబుతున్నంత మంటతోనే చెప్పేది.

మామకు చాలాకాలం నుంచి నల్లగానే పడుతుండేదట. బొగ్గే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. బోనాల పండుగకు వాళ్ల అన్న ఇంటికి పోయి కోడికూర తిని వచ్చాడు. మర్నాడు నల్లగా కక్కాడు. వండి వడ్డించింది అన్న పెండ్లాము, అంటే మా అత్తకు యారాలు. కూరలో మందు పెట్టింది అన్నారు. మందు అంటే మా వైపు రోగం కుదిర్చేది కాదు. పడనివాళ్లు తిండిలో కలిపి పెడతారనీ, అది కడుపులో కూచుని మనిషిని లోలోపలే తింటుందనీ నమ్మే ఒక విషం. దాన్ని పసరు తాగించి కక్కించేవాళ్లు ఉంటారు. గోదావరి అవతల ఒక ఊళ్లో అలాంటి మనిషి దగ్గరికి మామను తీసుకుపోయారు. పసరు తాగిన కొద్దీ మామ ఇంకా నల్లగా కక్కాడు. "మందు ఎల్తున్నది, ఇగ బతికినట్టే" అని అందరూ సంబరపడ్డారట. ఆ సాయంత్రమే ఆయన ప్రాణం పోయింది.

పెద్దకర్మ కూడా కాకముందే మా అత్త యారాలి వాకిట్లో నిలబడి దుమ్మెత్తి పోసింది. నా మొగుణ్ని తిన్నవంది, నీ చేతులు పడిపోవాలంది. అత్త మాటను జనం నమ్మారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ మంచినీళ్లు ముట్టలేదు. పెళ్లిళ్లలో ఆమెను వంటల దగ్గరికి రానివ్వలేదు. చివరికి ఆ పెద్దమామ బదిలీ చేయించుకుని సంసారాన్ని బెల్లంపల్లికి తీసుకుపోయాడు. మాట వాళ్లకంటే ముందే అక్కడికి చేరింది. ఆ తర్వాత పెద్దమామ చనిపోతే కూడా మా అత్త పోలేదు. మా పెళ్లికి వాళ్లకు పిలుపు లేదు. మా ఇంట్లో ఆమెకు పేరు కూడా లేదు, "మందు పెట్టిన ముండ" అనే అనేవారు.

ఇప్పుడు మా ఆయన సంగతి. బాయిలో పైకప్పు నుంచి పెళ్ల ఊడి పడి ఆయన నడుము దెబ్బతిన్నది. దవాఖానలో పడుకోబెట్టారు, తర్వాత ఇక దిగొద్దని పైన డ్యూటీ ఇచ్చారు. దిగేవాళ్లకు దీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం. నేను ఎల్లమ్మకు కోడిని కోశాను. నడుము పోతే పోయింది, మనిషి పొద్దుగూకేసరికి ఇంటికి వస్తాడని ధైర్యం వచ్చింది. కానీ నడుము ఊరుకునేదా? మందుల దుకాణంలో నొప్పి గోలీలు అడిగి తెచ్చుకుని మింగేవాడు. పొద్దున లేవగానే చాయ్‌తో ఒకటి, డ్యూటీలో ఒకటి, కూర్చోలేకపోతే ఇంకొకటి.

"అన్నం తిని మింగయ్యా, ఖాళీ కడుపుల ఏంది గది?" అని తిట్టేదాన్ని.

"కడుపుకు ఏమైతదే? నొప్పి నడుముకు గదా" అనేవాడు.

ఆ కడుపే తర్వాత తిరగబడింది. బొడ్డుకు పైన, ఛాతీ కింద, ఒకే చోట మంట. ఆకలిగా ఉన్నప్పుడు ఎక్కువయ్యేది, నాలుగు ముద్దలు తింటే కాసేపు ఊరుకునేది, మళ్లీ మొదలు. పాలు తాగితే నిమ్మళంగా ఉంటుందని గ్లాసు పట్టుకుని తిరిగేవాడు. పుల్లటి తేన్పులు. కొంచెం తినగానే కడుపు నిండిపోయిందని కంచం జరిపేవాడు. నేను ఊరుకుంటానా, వండినదానికి వంక పెడుతున్నాడని రోజూ పోట్లాటే. ప్యాంటు జారుతుంటే మేకుతో బెల్టుకు కొత్త తూటు పెట్టుకున్నాడు. ఏమంటే గ్యాసు. గ్యాసుకు ఒక గులాబీరంగు నీళ్ల సీసా, నడుముకు గోలీ, రెండూ ఒకే సంచిలో తెచ్చేవాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. పైన డ్యూటీ పడ్డాక ఆయన తెల్లబడ్డాడు. గోళ్ల సందుల్లో అన్నేళ్ల నలుపు పోయింది, అరచేతులు కాగితంలా తెల్లగా అయ్యాయి, మొహం పాలిపోయింది. మేం దాన్ని పాలిపోవడం అనుకోలేదు. "పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నడేందే మీ ఆయన" అని నల్లా దగ్గర వాళ్లు ఆటపట్టిస్తే నేను మురిసిపోయాను కూడా. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. పని తగ్గింది, ఒళ్లు బద్ధకించింది అనుకున్నాం.

దొడ్డి కడిగేది నేనే. నీళ్లు గుమ్మరించినా పోయేది కాదు, రోడ్డు మీద వేసే తారులాగా జిగటగా అంటుకునేది. వాసన కూడా వేరు, ముక్కు మూసుకున్నా లోపలికి దూరే వాసన. ఒకరోజు చీపురు పట్టుకునే బయటికి వచ్చి అడిగాను.

"ఏందయ్యా, గింత నల్లగ పడుతున్నది?"

"బొగ్గే. గిన్నేండ్లు తిన్నది జల్ది పోతదా?" అన్నాడు.

వాకిట్లో కూచున్న మా అత్త కూడా తల ఊపింది. "మీ మామకు గూడ గట్లనే పడుతుండె. నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. లోపలిది ఎల్తె మంచిదే."

మా అత్త కొడుకు మేలు కోరే చెప్పింది. మామకు కూడా అలాగే అయ్యేదంటే నాకు ధైర్యం చెప్పినట్టే అనిపించింది.

ఆయన తోటి కార్మికుడు కొత్త ఇల్లు కట్టుకుని దావత్ ఇచ్చాడు. మా ఆయన పోయి నాలుగు ముక్కలు తిని వచ్చాడు. మర్నాడు ఆదివారం, ఎండ బాగా ఎక్కింది, నేను బట్టలు ఆరేస్తున్నాను. వెనక గోడ దగ్గర ఆయన కక్కుతున్న చప్పుడు వినిపించింది. పోయి చూస్తే మట్టి మీద నల్లగా, కాఫీపొడి నీళ్లలో కలిపి పారబోసినట్టు ఉంది. ఆయన గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు, మొహాన చెమటలు, చేతులు మంచులా ఉన్నాయి.

మా అత్త వచ్చి ఆ మట్టిని చూసింది. ఆమె వేసిన కేకకు వరుసంతా బయటికి వచ్చింది.

"మందు! అయ్యో, నా కొడుక్కు గూడ మందు పెట్టిండ్రు! దావత్ల పెట్టిండ్రు! గిట్లనే, మీ మామ గూడ గిట్లనే కక్కిండు!"

నది అవతలి మనిషి పోయినా ఆయన కొడుకు ఇప్పటికీ కక్కిస్తున్నాడట. అక్కడికి తీసుకుపోదామంది. చుట్టూ చేరినవాళ్లలో కొందరు నిజమేనన్నారు, మందుకు డాక్టర్ల దగ్గర విరుగుడు లేదన్నారు. అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది మా ఆయన. గోడకు జారగిలబడి, "అవ్వ చెప్పినట్టు చేద్దాం తియ్యి" అన్నాడు. చిన్నప్పుడు తండ్రి కక్కుతుంటే చూసిన మనిషి ఆయన. ఆ భయం ఆయన కళ్లలో ఉంది. అది చూస్తే నాకు ఏడుపు రావాలి, కోపమే వచ్చింది.

"పసరు తాగిన మీ బాపు బతికిండా?" అని అరిచాను. "బతికిండా చెప్పు!"

నాకు వైద్యం తెలిసి అన్న మాట కాదది. కథ అన్నిసార్లు విన్నాను కాబట్టి దాని చివర ఏముందో నాకు తెలుసు, అంతే.

వరుస చివరింట్లో ఉండే ఆటో ఆయన, మేం భాయ్ అని పిలిచే ఆయన, బండి తెచ్చి వాకిట్లో పెట్టాడు. మా ఆయనను నా భుజం మీద ఆనించుకుని ఎక్కించాను. అత్త ఇంకోవైపు ఎక్కింది. చౌరస్తా దగ్గర ఎడమకు పోతే కంపెనీ దవాఖాన, కుడికి పోతే గోదావరి వంతెన. అత్త ముందు సీటు కడ్డీ పట్టుకుని ఊగిపోతూ, "కుడికి పోనియ్యి కొడుకా, నీ కాళ్లు మొక్కుత" అంటోంది.

"భాభీ, జల్ది చెప్పు, ఎటు?" అన్నాడు భాయ్ వెనక్కి తిరిగి.

"దవాఖాన" అన్నాను.

"నా కొడుకును చంపుతున్నవే" అంది అత్త. ఆ మాట నా వీపున దిగబడింది. ఒకవేళ ఆమెదే నిజమైతే ఏం కావాలి అని కూడా అనిపించింది. అబద్ధమెందుకు, కుడికి పోదామని నోటిదాకా వచ్చింది. అంతలో ఆయన తల నా ఒళ్లోకి వాలిపోయింది. భాయ్ ఇంక ఎవర్నీ అడగలేదు, ఎడమకు తిప్పాడు.

దవాఖానలో ఒక డాక్టరమ్మ, చిన్న వయసే. కింది కనురెప్ప లాగి చూసింది, గోళ్లు నొక్కి చూసింది, నర్సుకు రక్తం మాట ఏదో చెప్పి నావైపు తిరిగింది. దొడ్డికి ఏ రంగులో వస్తోందని అడిగింది. అందరి ముందూ అడిగింది, నేనూ అందరి ముందే చెప్పాను. నల్లగానే, చాలా నెలల నుంచి, బొగ్గు కదా అన్నాను.

"బొగ్గా?" అంది. "ఆఖరుసారి గనిలోకి ఎప్పుడు దిగారు ఈయన?"

"పోయినేడు బతుకమ్మకు ముందే పైన డ్యూటీ ఇచ్చిండ్రు మేడం."

"మరి ఏడాది దాటాక ఇంకా బొగ్గు ఎక్కడి నుంచి వస్తుందమ్మా?"

ఆయన బాయిలో దిగడం లేదని మా ముగ్గురికీ తెలుసు. నల్లగా పడుతోందనీ తెలుసు. ఒకే ఇంట్లో ఉన్న ఈ రెండు సంగతులను ఎవరమూ పక్కపక్కన పెట్టి చూడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆమె మమ్మల్ని తిట్టలేదు. బాటిల్ ఎక్కిస్తూనే చెప్పింది. కడుపులో పుండు పడింది, నొప్పి గోలీలు దాన్ని ఇంకా తొలిచాయి, రక్తం కారుతోంది. పైన కడుపులో కారిన రక్తం కిందికి వచ్చేసరికి ఎర్రగా ఉండదు, అరిగి నల్లబడి తారులాగా, చెడు వాసనతో వస్తుంది. నోటి నుంచి వస్తే కాఫీపొడిలాగా ఉంటుంది. రక్తం పట్టడానికి ఇనుము గోలీలు వేసుకునేవాళ్లకూ నల్లగా రావచ్చు కానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. కళ్లు తిరగడం, ఆయాసం, తెల్లబడడం, అన్నీ ఒంట్లో రక్తం పోవడం వల్లే. నేను మురిసిపోయిన తెలుపు అది.

మా అత్త తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. లోపలికి రాకుండానే అడిగింది.

"అమ్మా, పసరు తాగిచ్చి కక్కిస్తే ఏమైతుండె?"

"ఇంత రక్తం కారుతున్న మనిషికా?" అంది డాక్టరమ్మ. "బలవంతంగా కక్కిస్తే పుండు ఇంకా చిట్లుతుంది. దక్కడం కష్టం. అటు తీసుకుపోకుండా మంచి పని చేశారు."

కొడుకు గురించే అడిగిందని డాక్టరమ్మ అనుకుంది. అత్త బయట గోడవారన కింద కూచుని కొంగు నోట్లో కుక్కుకుంది. మందు మాట ఆ తర్వాత ఎత్తలేదు, దేవుణ్ని కూడా పిలవలేదు.

రక్తం ఎక్కించి, కరీంనగర్ పంపి, నోట్లోంచి గొట్టం వేసి పుండును చూసి, కారకుండా కట్టడి చేశారు. మనిషి దక్కాడు. ఇప్పుడు కారం లేని కూర తింటాడు, నడుము నొప్పికి గోలీ బదులు వేడినీళ్ల కాపడం పెట్టుకుంటాడు, పొద్దున దొడ్డి నుంచి రాగానే ఏ రంగో నాకు చెప్పాల్సిందే. చెప్పకపోతే చాయ్ లేదు. వరుసలో వాళ్లు నవ్వుతారు. నవ్వనీ, కొందరు ఆ మధ్య నన్ను పక్కకు పిలిచి తమ ఇంటి రంగు కూడా చెప్పారు.

కానీ మా అత్త మారిపోయింది. పప్పు ఏరుతూ ఏరుతూ ఆగిపోయేది. మామ కథ మళ్లీ చెప్పలేదు. మా ఆయన కోలుకుని డ్యూటీకి పోయిన కొన్నాళ్లకు నా దగ్గరికి వచ్చి, "నన్ను బెల్లంపల్లి తీస్కపో" అంది. ఎవరింటికని నేను అడగలేదు.

బస్సులో గోదావరి వంతెన దాటుతున్నప్పుడు కిటికీ వైపు చూడకుండా కళ్లు మూసుకుంది. మంచిర్యాల, మందమర్రి దాటినా తెరవలేదు. బెల్లంపల్లిలో దిగి అడుగుతూ అడుగుతూ పోయాం. రిటైరైనవాళ్లు ఉండే పాత గల్లీ. ఇల్లు దొరికింది. గడపలో ఒక ముసలామె కూచుని చింతపండు గింజలు తీస్తోంది. కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవరు?" అంది.

"నేనే అక్కా" అంది మా అత్త. నిలబడిన చోటనే కూలబడింది, మట్టిలోనే. "నీ చెల్లెను."

ఆమె చేతులు ఆగలేదు. గింజ తీసి పక్కన వేసింది, ఇంకో పండు విప్పింది.

"ఎందుకొచ్చినవ్?"

"అది మందు గాదట అక్కా. కడుపుల పుండట. ఆయన కక్కింది నెత్తురట. పిలగానికి గూడ గదే అయింది, డాక్టరమ్మ చెప్పింది. నువ్వు ఏం పెట్టలేదక్కా. నువ్వు పెట్టలేదు."

పెద్దత్త అప్పుడు తలెత్తి చూసింది. "నేను పెట్టలేదని నాకు తెల్వదా?" అంది. "గది నాకు చెప్పనీకొచ్చినవా?"

కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండుననిపించింది నాకు. తిట్టి ఉంటే, చింతపండు గిన్నె మొహాన కొట్టి ఉంటే మా అత్తకు ఏడవడానికి ఒక దారి దొరికేది. అన్నేళ్లు నేను వినీ వినీ అలవాటుపడిన కథలో ఈమె ఒక మనిషి అని నాకు అప్పుడే అర్థమైంది. ఎవరూ తినని వంట ఈమె తనకోసం తాను ఎన్నిసార్లు వండుకుని ఉంటుందో!

ఎండ మండిపోతోంది. మా అత్తకు దగ్గు వచ్చింది, మాట రావడం లేదు. చెయ్యి చాపి, "గుక్కెడు నీళ్లియ్యి అక్కా" అంది. దాహం వేసే అడిగిందో, ఆమె చేతి నీళ్లు తాగి చూపించాలనే అడిగిందో నేను చెప్పలేను.

పెద్దత్త లోపలికి చూసింది. గడప అవతల కుండ, దాని మీద మూత, మూత మీద గ్లాసు కనిపిస్తూనే ఉన్నాయి. ఆమె లేవలేదు.

"ఈడ తాగకు" అంది. "ఎండల వడి వచ్చినవ్, ముసలిదానివి. ఇంటికి పోయినంక నీకేమన్నైతే మళ్ల నన్నే అంటరు. ఇంకోసారి మోసుడు నాతోని గాదు."

పక్కింటి వైపు తిరిగి, "ఓ పిల్లా, ఈళ్లకు జర నీళ్లియ్యిండ్రి" అని కేకేసింది.

పక్కింటి అమ్మాయి చెంబుతో తెచ్చి ఇచ్చింది. మా అత్త చెంబును రెండు చేతులా పట్టుకుని అలాగే కూచుంది. పెద్దత్త చింతపండు పనిలో పడింది. చాలాసేపటికి నేను చెంబు తీసుకుని ఆ అమ్మాయికి తిరిగి ఇచ్చేశాను. నీళ్లు నిండుగానే ఉన్నాయి.